పాత సామాను మూట

మా షెడ్డుకి బోర్డు లేదు. బెజవాడ ఆటోనగర్లో 40 ఏళ్ళకి పైబడి ఉన్నాం, ఒక్కసారీ బోర్డు రాయించలేదు. ఆ అవసరం రాలేదు. "సాయిబు షెడ్డెక్కడ?" అనడిగితే టీ బడ్డీవాడు చెయ్యి చూపిస్తాడు. మా వరసలోనే సాయిబుల షెడ్లు ఇంకో ఏడెనిమిది ఉన్నాయి. జనం మా దగ్గరికని బయల్దేరి పక్క షెడ్డులో దిగుతారు, పక్క షెడ్డుకని వచ్చి మా దగ్గర ఆగుతారు. ఎవరికీ ఇబ్బంది లేదు. సాయిబు అయితే చాలు. మాకూ పేర్లున్నాయి. రేషను కార్డులో ఒక రకంగా, ఓటరు కార్డులో ఇంకో రకంగా, అచ్చుతప్పులతో సహా ఉన్నాయి. వాటితో ఊరికి పనిపడలేదు, అంతే.

మేం ముగ్గురన్నదమ్ములం. మా దాదా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూదేకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఆ పని చచ్చిపోయింది. మా అబ్బా పన్నెండేళ్ళకి ఆటోనగర్ పెట్టిన కొత్తల్లో ఇక్కడికొచ్చి లారీల కింద దూరాడు. మా ఇంట్లో తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. ఉర్దూ రాని సాయిబులు ఏం సాయిబులని పెద్ద ఖాన్‌దాన్ల వాళ్ళు నవ్వుతారు. దూదేకుల సంబంధమంటే ముఖం తిప్పుకుంటారు. తెలుగు మాట్లాడే సాయిబు కూడా సాయిబేనన్న సంగతి మాత్రం మిగతా ఊరు ఎప్పుడూ మర్చిపోదు. మా జనం నెల జీతాల మీద కంటే సొంత పనుల మీదా, చిన్నచిన్న వృత్తుల మీదా ఎక్కువ ఆధారపడి ఉన్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. చదివి వినిపిస్తే అబ్బా, "దానికి కమిటీ ఎందుకురా, ఆటోనగర్లో ఒక మధ్యాహ్నం నిలబడితే సరిపోయేది" అన్నాడు. ఉద్యోగం ఇచ్చేవాడు లేనప్పుడు పానా పట్టుకుంటాం. దీంట్లో గొప్పా లేదు, చిన్నతనమూ లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఒక గేరుబాక్సు సంగతి చెప్పాలి. అది గేరుబాక్సు సంగతిగా మొదలై ఇంకెక్కడికో పోయింది.

మాస్టారు కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. కుర్చీలోంచి లేవాలన్నా చేత్తో ఆ కాలుని పక్కకి జరుపుకోవాలి. పార్టీ మనిషి, పుస్తకాల మనిషి. బాబ్రీ మసీదు కూల్చిన మర్నాడు, 1992 డిసెంబరు 7న, పొద్దున్నే రిక్షాలో వచ్చి మా షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని పొద్దుగూకేదాకా పేపరు చదువుతూ కూర్చున్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు. ఆయన లేకపోతే జరిగేదో లేదో తెలీదు. ఆయన మాత్రం కూర్చున్నారు. మా అమ్మీ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుంది. అబ్బాని ఆయన "సాయిబు గారూ" అంటారు, అబ్బా ఆయన్ని "మాస్టారూ" అంటాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవగా మేం వినలేదు.

2009లో ఆయన సెకండ్‌హ్యాండులో ఒక ఆటోమేటిక్ కారు కొన్నారు. జపాను కంపెనీది, 2004లో తయారైంది. కంపెనీ పేరు చెప్పం. తప్పు కంపెనీది కాదు, బండి వయసుది. అప్పట్లో మన దగ్గర ఆటోమేటిక్కంటే షోకు బండి. ఇప్పుడు చిన్న బళ్ళలో కూడా వస్తున్నాయిగా అంటారేమో. 2014లో మారుతి సెలేరియోతో మొదలై అందరికీ అందినవి వేరు. అవి మామూలు క్లచ్చు, మామూలు గేరుబాక్సులే. మనిషి కాలూ చెయ్యీ చేసే పని అక్కడ మర చేస్తుంది. మాస్టారి బండి అసలు రకం, నూనె మీద నడిచేది. ఆయనకది షోకు కాదు. ఎడమకాలుతో క్లచ్చు తొక్కలేరు గనక అది ఉంటేనే ఆయన గుమ్మం దాటేది. ఆ కారు వచ్చాకే ఆయన ఎవరి చెయ్యీ అడక్కుండా మీటింగులకి వెళ్ళారు, లైబ్రరీకి వెళ్ళారు, ఆదివారాలు మా షెడ్డుకొచ్చి టీ తాగి వెళ్ళారు.

2018 చలికాలంలోనే దాని గొంతు మారింది. డి లో పెట్టాక రెండు క్షణాలు ఆలోచించుకుని దబ్బుమని పడేది. తర్వాత రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజను రంకె వేసేది, బండి మాత్రం ముందుకి లాగేది కాదు. పొద్దున్నపూట చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది, అరగంట తిరిగాక జారేది. మాస్టారు మాకు చెప్పలేదు. ముసలితనంలో నడుం నొప్పి గురించి డాక్టరుకి చెప్పకపోవడం లాంటిదే ఇదీ. చెప్తే పేరు పెడతారని భయం.

మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర అది పూర్తిగా చేతులెత్తేసింది. మిట్టమధ్యాహ్నం, పైన ఎండ, వెనక లారీల హారన్లు. మన ఊళ్ళలో కారు ఆగితే తొయ్యడానికి మనుషులు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారో తెలీదు. నలుగురొచ్చారట. "సెకండులో వేసి క్లచ్చు వదలండి సార్!" అని అరిచారట. క్లచ్చు ఎక్కడుంది వదలడానికి? పైగా ఇంజను ఆగితే కదా. ఇంజను శుభ్రంగా ఆడుతోంది, తొక్కితే గర్జిస్తోంది, చక్రాలకి మాత్రం కబురు అందట్లేదు. చివరికి న్యూట్రల్లో పెట్టి పక్కకి తోశారు. ఒకాయన పుణ్యానికి తాడు తెచ్చి ఆటోనగర్ దాకా లాక్కెళ్తానన్నాడు. ఈలోగా మాస్టారు ఫోను చేశారు కాబట్టి సరిపోయింది. మాలో నడిపోడు ఫోన్లోనే అరిచాడు, తాడు కట్టనివ్వద్దని. ఆటోమేటిక్కులో నూనె తిప్పే పంపు ఇంజనుతో తిరుగుతుంది. ఇంజను ఆపి ముందు చక్రాలు నేలమీద ఉంచి లాగితే లోపల సామానంతా నూనె లేకుండా ఎండుగా తిరిగి అరిగిపోతుంది. ముందు చక్రాలు ఎత్తి తీసుకురావాలి. అలాగే తెచ్చాం.

మా అబ్బాకి గేరుబాక్సంటే చెవితో పని. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉండే పాత అంబాసిడర్లూ, ఫియట్లూ ఆయన చేతుల్లో పెరిగాయి. బండి షెడ్డు ముందు నుంచి పోతుంటేనే ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు. ఈ బండి దగ్గర మాత్రం ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇది పెద్దోడి విద్య.

పెద్దోడు ఆయనకి చెప్పిన తీరు రాయాలి. రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటిస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె అనుకో అబ్బా, అన్నాడు. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెని విసురుతుంది, ఆ విసురుకి ఎదుటి రెక్కల చక్రం తిరుగుతుంది. దాని వెనక గేర్లు. ఏ గేరు పడాలన్నా లోపల పల్చటి పలకల కట్టలుంటాయి. ఒకటి ఇనుప పలక, ఒకటి రాపిడి పూత వేసిన పలక, మళ్ళీ ఇనుపది. నూనె ఒత్తిడితో ఆ కట్ట బిగిస్తే గేరు పడుతుంది, వదిలితే పోతుంది. కదిలించేదీ నూనే, బిగించేదీ నూనే, చల్లబరిచేదీ నూనే.

అబ్బా చాలాసేపు ఆలోచించి, "అంటే ఇంజనూ చక్రమూ ఒకదాన్నొకటి ముట్టుకోవన్నమాట" అన్నాడు.

"ఆగి కదిలేటప్పుడు ముట్టుకోవు. వేగం అందుకున్నాక లోపలొక క్లచ్చు రెండింటినీ కలుపుతుంది."

"ఆ మధ్యలో ఉన్న నూనె మాడిపోతే?"

"ఇదిగో," అని పెద్దోడు ఆ నూనె పుల్ల తీసి తెల్ల కాయితం మీద రాశాడు. దానిమ్మరసం రంగులో ఉండాల్సింది కాఫీ డికాషనులా ఉంది. అందులో నల్లటి నలుసులు. వాసన, పొయ్యి మీద మర్చిపోయిన పప్పు వాసన.

సాయంత్రం బండి చల్లబడ్డాక అడుగు కదిలింది. పెద్దోడు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, డి లో పెట్టి, అయిదు సెకన్లకి మించకుండా యాక్సిలేటరు తొక్కాడు. బాగున్న బండిలో ఇంజను 2,400 చుట్ల దగ్గర ఆగిపోవాలి, చక్రాలు బిగిసి ఉన్నాయి కాబట్టి. ఇది 4,000 దాటింది. పలకలు పట్టుకోవట్లేదు, జారుతున్నాయి.

"ఆయిలు మారిస్తే సరిపోదా నాయనా?" అన్నారు మాస్టారు.

"నాలుగేళ్ళ కింద అడిగుంటే సరిపోయేది మాస్టారూ."

ఆ బండితో వచ్చిన పుస్తకంలో ఈ నూనె జీవితాంతం మార్చక్కర్లేదని ఉంది. ఎవరి జీవితమో రాయలేదు. మన ఎండల్లో, మన ట్రాఫిక్కులో 40,000 కిలోమీటర్లకోసారి మార్చాలని మా లెక్క. అదీ కింద మర విప్పితే సగం కూడా దిగదు, మిగతాది ఆ రెక్కల డొక్కులోనే ఉండిపోతుంది. రెండు మూడు దఫాలుగా తీసి పోయాలి. ఇంతగా మాడాక కొత్త నూనె పోస్తే ఇంకో చిక్కు. పాత నూనెలో తేలుతున్న ఆ అరిగిన పూత పొడే పలకలకి కాస్త పట్టునిస్తూ ఉంటుంది. అదీ కడిగేస్తే మొత్తానికే జారిపోతుంది. అందుకే ఈ స్థితిలో బళ్ళొస్తే నూనె మార్చి డబ్బులు తీసుకుని పంపించెయ్యడం మా లైన్లో పెద్ద మోసం. మర్నాడు బండి ఆగితే "మీ గేరుబాక్సు పాతదండీ" అంటే సరిపోతుంది.

షోరూమువాళ్ళు గేరుబాక్సు మొత్తం మార్చాలని లక్షా అరవై వేలన్నారు. బండి అమ్మితే అంత రాదు. తుక్కు బండిలోంచి తీసిన గేరుబాక్సు ఆటోనగర్లోనే 35 వేలకి దొరుకుతుంది, కానీ అది ఎందుకు తుక్కయిందో ఎవరు చెప్తారు? విప్పి, పలకలూ సీళ్ళూ మార్చి బిగిస్తే 42 వేలు, పదిహేను రోజులు. సామాను ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి రావాలి. మాస్టారు సరేనన్నారు. ఒక రాత్రి బండి ఇంట్లోనే ఉంచుకుని, అందులో ఉన్న పుస్తకాలూ సామానూ తీసుకుని పంపిస్తామన్నారు. మర్నాడు మళ్ళీ ముందు చక్రాలు ఎత్తి తెచ్చుకున్నాం.

అది రంజాన్ నెల. ముగ్గురం రోజాలో ఉన్నాం. బ్యాటరీ తియ్యడానికి చిన్నోడు బానెట్టు ఎత్తాడు, ఎత్తి అలాగే నిలబడ్డాడు. బ్యాటరీ మీద ఎర్రచుక్క. ఆల్టర్నేటరు మీద చుక్క. రేడియేటరు మీద, స్టార్టరు మీద, ఏసీ కంప్రెసరు మీద, ఆఖరికి హారను మీద. గోళ్ళరంగు. ఎక్కడెక్కడ పానా పెడతామో అక్కడల్లా చిన్న చిన్న చుక్కలు, శ్రద్ధగా పెట్టినవి. చిన్నోడు లెక్కపెట్టాడు. పద్దెనిమిది.

ఆ వారం మాస్టారి కొడుకు అమెరికా నుంచి వచ్చున్నాడు.

ఏం చెప్పమంటారు? మెకానిక్కుని జనం అనుమానించడం కొత్తేం కాదు. ఏ కులం మెకానిక్కునైనా అనుమానిస్తారు. మంచి సామాను పీకి పాతది పెడతాడని అనుకుంటారు. అలా పెట్టేవాళ్ళు మా వరసలో లేరని మేం అనం. మా ఇంట్లోనే ఉన్నాడు. చిన్నోడు పదహారేళ్ళప్పుడు ఒక అంబాసిడర్లోంచి మంచి కార్బురేటరు తీసి అమ్ముకుని సినిమాలకి తగలేశాడు. అబ్బా వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి చెప్పించాడు, కొత్తది కొని బిగించాడు. విప్పిన పాత సామాను ప్రతి ముక్కా మూటగట్టి బండితోపాటు ఇవ్వడం మా షెడ్డులో ఆ రోజు నుంచి మొదలైంది. కొందరు దాన్ని విప్పి చూడరు, దారిలో పారేస్తారు. అయినా ఇస్తాం.

కాబట్టి మెకానిక్కు మీద అనుమానమైతే మాకు మింగుడుపడని విషయం కాదు. మరి ఆ చుక్కలు మెకానిక్కు కోసం పెట్టినవా, సాయిబు కోసం పెట్టినవా? అద్దె ఇల్లడిగితే "ఖాళీ లేదు" అన్నప్పుడు కూడా మాకిదే చిక్కు. నిజంగా ఖాళీ లేకపోవచ్చు. ఏదీ మొహం మీద అనరు. తేల్చుకోలేకపోవడమే మా బతుకులో సగం అలసట. పరాయివాళ్ళ బండి మీద ఆ చుక్కలుంటే నవ్వుకుని పని చేసుకునేవాళ్ళం. ఇది 1992లో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి బండి.

చిన్నోడు బండి వెనక్కి పంపించెయ్యమన్నాడు. నడిపోడు, పని చేసి రెట్టింపు డబ్బు తీసుకుందామన్నాడు. పెద్దోడు ఏమీ అనలేదు. జొహర్ నమాజు చదువుకుని అబ్బా వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో చుక్కా వంగి చూశాడు.

"వీటిని చెరపొద్దు," అన్నాడు. "డీజిలుతో కడిగేటప్పుడు, పెట్రోలు గుడ్డ పెట్టేటప్పుడు చూసుకోండి. చుక్క పోయిందంటే మనమే మార్చామంటారు."

అందుకని ప్రతి చుక్క మీదా టేపు ముక్క అంటించాం. మమ్మల్ని నమ్మనందుకు పెట్టిన గుర్తుల్ని మేమే కాపలా కాశాం. ఆ పదిహేను రోజులూ గేరుబాక్సు ఒక ఎత్తు, ఆ టేపు ముక్కలు ఒక ఎత్తు.

గేరుబాక్సు దించి విప్పితే లోపల అనుకున్నట్టే ఉంది. మూడో గేరు కట్టలో పలకల మీద పూత లేదు, నల్లగా, అద్దంలా ఉన్నాయి. రబ్బరు సీళ్ళు మెత్తగా ఉండాల్సినవి గట్టిపడి గోరుతో గీకితే పెళుసుగా విరిగాయి. అడుగు పళ్ళెంలో అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద. అది ముద్దలాగే ఉంటే ఫరవాలేదు, అరుగుదల. ఇనుప పలుకులుంటే గేర్లు విరిగినట్టు. పలుకుల్లేవు. బతికే బండే. పెద్దోడు గుడ్డతో ఎవర్నీ తుడవనివ్వలేదు. ఒక్క నూలుపోగు నూనె దారుల్లోకి పోతే ఒక కవాటం ఇరుక్కుంటుంది, మళ్ళీ అంతా విప్పాలి. గాలి కొట్టే ఆరబెట్టాడు. కొత్త పలకల్ని రాత్రంతా నూనెలో నానబెట్టాడు. ఒక్కో కట్టా బిగించి, నూనె వెళ్ళే రంధ్రంలో కంప్రెసరు గాలి పెట్టాడు. పలకలు కదిలి లోపల ధప్పుమని మోగితే సరిగ్గా కూర్చున్నట్టు. ఆ చప్పుడు విన్నప్పుడు అబ్బా మొహం చూడాలి. చెవికి పనికొచ్చేది ఇందులోనూ ఒకటుందని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఈ విద్య పెద్దోడికి సౌదీలో వచ్చింది. 1996లో వెళ్ళి 2004లో తిరిగొచ్చాడు. రియాద్‌లో వర్క్‌షాపులుండే చోటుని సనాయియా అంటారు. పాస్‌పోర్టు కఫీలు దగ్గర, మనిషి రేకుల షెడ్డు కింద. ఎండకి గేరుబాక్సు నూనెలు ఉడికిపోయి ఆటోమేటిక్ బళ్ళు వరసకట్టేవి. అక్కడ మావాణ్ణి పేరుతో పిలిచినవాడు లేడు. "యా హిందీ!" అనేవాళ్ళు. అరబ్బులకి ఇండియావాడంటే హిందీ. బెజవాడలో పుట్టి పెరిగినన్నాళ్ళూ నువ్వీ దేశంవాడివని అంత ఖచ్చితంగా ఎవరూ అనలేదని మావాడు నవ్వుతూ చెప్తాడు. ఇక్కడ క్రికెట్ మ్యాచి రోజున మా మొహాలు చూసేవాళ్ళకి ఆ సంగతి తెలీదు.

పని నేర్పినవాడు పెషావరు ముసలాయన. మొదటి ఆరు నెలలు సామాను కడగడమే. నూలుపోగు సంగతి, పలకలు నానబెట్టడం, గాలి పెట్టి వినడం అన్నీ ఆయన నేర్పినవే. సొంత కొడుక్కి నేర్పినట్టు నేర్పాడు. వచ్చేసేటప్పుడు తన రింగుపానాల సెట్టు ఇచ్చేశాడు. అది మా షెడ్డులో గోడకి వేలాడుతోంది. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే పెద్దోడు "సౌదీలో" అని ఆపేస్తాడు. ఎవరి దగ్గర అన్న మాట మా నలుగురి మధ్యే ఉంది. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో పట్టుకుపోయిన ముస్లిం కుర్రాళ్ళు నిర్దోషులుగానే బయటికొచ్చారు. కానీ జైలుకెళ్ళొచ్చాకే కదా. అది చూశాక అబ్బా ఆ ఉస్తాదుకి ఫోను కూడా చెయ్యొద్దన్నాడు. అన్నం పెట్టే విద్య ఇచ్చినవాడి పేరు ఇంట్లోనే మింగేశాం. ఎవరో అనుమానిస్తారని మమ్మల్ని మేమే ముందుగా అనుమానించుకోవడం ఇది.

బండి సిద్ధమయ్యేసరికి మాస్టారి కొడుకు వెళ్ళిపోయాడు. మాస్టారు ఆటోలో వచ్చారు. పక్కన పెద్దోడు కూర్చుంటే ఆయనే నడిపి బెంజి సర్కిల్ దాకా వెళ్ళొచ్చారు. గేర్లు వెన్నలో కత్తిలా పడుతున్నాయి. అబ్బా పాత సామాను మూట తెచ్చి ముందు పెట్టాడు. మాడిన పలకలు, విరిగిన సీళ్ళు, మూసుకుపోయిన ఫిల్టరు. మాస్టారు చెక్కుబుక్కు తీశారు. ఎప్పుడూ వందా రెండొందలూ చేతికిచ్చే మనిషి, ఇంత డబ్బు ఇదే మొదలు. పెన్ను పట్టుకుని ఆగారు. "సాయిబు గారూ, మీ పూర్తి పేరు..." అన్నారు. అబ్బా చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఒక్కో అక్షరం అడిగి రాసుకున్నారు.

అప్పుడు చిన్నోడు ఉండబట్టలేక బానెట్టు ఎత్తాడు. టేపులు తీసేసినా అంటు మిగిలింది. "చుక్కలు పద్దెనిమిదీ ఉన్నాయి మాస్టారూ, చూసుకోండి" అన్నాడు. మేం వాణ్ణి ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు.

మాస్టారు చాలాసేపు బానెట్టులోకి చూశారు.

"అబ్బాయి పెట్టాడు," అన్నారు. "రాత్రిపూట. టార్చి నేనే పట్టుకున్నాను. వద్దని అనలేకపోయాను."

ఎవరూ మాట్లాడలేదు. అబ్బా లేచి లోపలికి వెళ్ళి చెక్కు డబ్బాలో పెట్టి తాళం వేశాడు. అంత అవసరం లేని పని. అప్పుడు పెద్దోడు, మాలో తక్కువ మాట్లాడేవాడు, "మేమూ మీకో సంగతి చెప్పలేదు మాస్టారూ" అని పెషావరు ఉస్తాదు సంగతంతా చెప్పేశాడు. గోడ మీది పానాలు చూపించాడు. ఎందుకు చెప్పాడో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు.

మాస్టారు ఆ పానాలు దింపించుకుని చేత్తో పట్టుకుని చూశారు. "ఆయన ఉన్నాడా ఇంకా?" అన్నారు.

"తెలీదు. ఫోను చేసి చాలా ఏళ్ళయింది."

"ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు నాయనా," అన్నారు మాస్టారు. గొంతు తగ్గించి అన్నారు. హిస్టరీ చెప్పిన మనిషి, పార్టీ జెండా మోసిన మనిషి, షెడ్డులో మేం తప్ప ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించారు. మా భయం ఆయనకి తెలుసని మాకప్పుడు అర్థమైంది.

1992లో కుర్చీ వేసుకుని కూర్చున్నదీ ఆయనే, 2018లో టార్చి పట్టుకున్నదీ ఆయనే. రెండింటికీ కలిపి ఒకే లెక్క రాయాలని మేం చాలాసార్లు వాదించుకున్నాం. నడిపోడు కుర్చీ పెద్దదంటాడు. చిన్నోడు టార్చి దగ్గరే ఆగిపోయాడు. మొన్న పండక్కి కూడా అదే వాదన, సేమ్యా చల్లారిపోయేదాకా.

మాస్టారు ఆదివారాలు రావడం ఓ రెండు నెలలు మానేశారు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. బండి ఇంకా నడుస్తోంది. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్లో పెట్టమని, పార్కులో పెట్టేముందు హ్యాండుబ్రేకు వెయ్యమని పెద్దోడు చెప్తూనే ఉంటాడు. ఆయన మర్చిపోతూనే ఉంటారు. నూనె రెండేళ్ళకోసారి మారుస్తున్నాం. పోయినసారి ఆల్టర్నేటరు పాడైతే మార్చాల్సొచ్చింది. పాతదాన్ని ఎర్రచుక్కతో సహా గుడ్డలో కట్టి సీట్లో పెట్టి పంపించాం.